నాలుగు గీతల మీట

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
ఎస్టీడీ డబ్బా నడిపిన, పద్నాలుగేండ్లు.
పచ్చ ఫోను. దాని మీద పన్నెండు మీటలు.
సున్నా అరిగి తెల్లవడ్డది,
తొమ్మిది సగం పలిగింది.
బొంబాయికి, సూరత్‌కి పోయిన మేస్త్రీల ఇండ్లోళ్ళు
ఎన్ని వేళ్ళతోని నొక్కిండ్రో.
ఒక్క మీట మాత్రం కొననాడు ఎట్లుండెనో అట్లనే:
అడ్డం రెండు, నిలువు రెండు.
"గిదెందుకన్నా?" అనేటోళ్ళు.
"నాకెర్కలేదు, కంపెనోడు పెట్టిండు" అంటుంటి.

అంతకు ముందు ఆ గుర్తును చూసింది
మా నాయిన చేతిల.
చిప్పల జాజు, వేపపుల్ల,
గొర్రె వీపు మీద అడ్డం రెండు, నిలువు రెండు.
డిండి దాటి మేతకు పోయినప్పుడు
నాలుగు మందలు ఒక్క దొడ్లె పండుకున్నా
తెల్లారినంక ఏది ఎవరిదో జాజే చెప్పేది.
పెద్ద వాన కొడితె గుర్తు కారిపోయేది.
అప్పుడు నాయిన
ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచేటోడు.

డబ్బా పోయింది. రీచార్జి దుకాణమైంది.
పోయిన వానకాలం మోదుగుతండ ఆడపిల్లలు నలుగురొచ్చిండ్రు,
చెప్పుల నిండ ఎర్రమన్ను.
పొద్దుగాల ఏడున్నర బస్సు బందు చేసిండ్రంట.
డిపోల దరఖాస్తు ఇస్తే
దాని మీద చాయ్ గిలాస పెట్టిండంట.
"అంకుల్, జర వైఫై ఇస్తవా?" అన్నది నేనావత్ సంధ్య.

ఝాన్సి కొట్టింది: #మోదుగుతండ బస్సు.
తండ వరకే నీలమైంది.
బస్సు బయటనే నిలవడ్డది, నల్లగ.
"నడుమ సందియ్యకే, తెగుతది."
సంధ్య ఫోను గుంజుకున్నది,
సందుల కింద ఒక గీత గీసింది,
తెగిన పోగుకు ముడేసినట్టు.
బస్సు కూడ నీలమైంది.

ఇదెవరు కనిపెట్టిండ్రే అని అడిగిన.
యాడనో దూరదేశంల ఒగాయన
పద్దెనిమిదేండ్ల కింద అన్నడంట,
గుంపుకొక గుర్తు పెట్టుకుందమని.
మొదలు కంపెనోళ్ళు ఇనలేదంట.
"ఆయనకు గొర్లున్నయా?" అన్న.
పిల్లలు పడి పడి నవ్విండ్రు.
నేను ఉత్తగ అడగలె.

ఆ గుర్తు కింద మొదటి పొద్దు వీళ్ళ ఫోటోలే:
నెత్తి మీద సంచి, వాన, ఆరు కిలోమీటర్ల కంకర.
మూడో పొద్దుకు అచ్చంపేట కాడి తండ ఒకటి,
కొల్లాపూర్ దిక్కు ఏదో చెంచుపెంట,
"మాకూ రాదు."
"మాకు ఎన్నడూ రాలె."
మొకం తెల్వని పిల్లలు ఒక్క దొడ్లెకొచ్చి నిలవడ్డరు.
రాత్రి పన్నెండు దాక సదువుకుంట కూసున్న,
దుకాణం మూసుడు మర్సిపోయిన.

ఆయెనక చీరెల సేలు దూరింది.
ఏదో హీరో పుట్టినరోజు దూరింది,
బరువు తగ్గే పొడి దూరింది.
ఏం జేస్తవ్, జాజు చవుక,
ఎవరి గొర్రె మీదనైన పుయ్యొచ్చు.
నాయిన కాలంల కూడ
గుర్తు మీద గుర్తేసి అమ్ముకున్నోళ్ళున్నరు.

బస్సొచ్చిందా అంటే,
సోమారం వచ్చింది, దండేసుకొని ఫోటో దిగింది.
బుధారం రాలె.
ఇప్పుడు తొమ్మిదింటికొస్తున్నది.
అప్పటికి కాలేజిల మొదటి పీరియడు అయిపోతది.
గుర్తు కిందికి కిందికి జారిపోయింది,
ఇప్పుడు దాన్ని ఎవరూ ఎతుకుతలేరు.
వాన పడ్డది అనుకున్న.

నిన్న డిపోకు ఫోన్ కొట్టిన.
మనిషి కాదు, మిషను:
"అధికారితో మాట్లాడుటకు హ్యాష్ నొక్కండి."
ఇన్నేండ్లకు!
అద్దం మీద ఆ నాలుగు గీతల మీద
వేలు పెట్టి నొక్కిన.

పాట వస్తున్నది. లైన్ల ఉండుమంటున్నది.
రాసుకున్న కాయితం ముందల పెట్టుకున్న:
నేనావత్ సంధ్య, రమావత్ ఝాన్సి,
కొర్ర పావని, సభావట్ కవిత.
ఏడున్నర అని కూడ రాసిన, పెద్దగ,
ఎర్రపెన్నుతోని.